పారిశ్రామిక ఈథర్‌నెట్‌లో రిడండెన్సీ ప్రోటోకాల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లాంట్‌లో నెట్‌వర్క్ గురించి ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లది ఒక మాట, ఎలక్ట్రికల్ వాళ్లది ఒక మాట, ఐటీ వాళ్లది ఇంకో మాట. స్విచ్ మాత్రం ముగ్గురికీ ఒక్కటే. రిడండెన్సీ (ఒక దారి తెగినా రెండోది పని అందుకునేలా అదనపు దారి ఉంచడం) మీద ఈ ముగ్గురూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నల్ని, వాటికి నేను చెప్పే జవాబుల్ని ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. రెండో ప్రశ్న మాత్రం దాటేయకండి. మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

రెండో కేబుల్ లాగేస్తే సరిపోతుంది కదా, మళ్లీ ప్రోటోకాల్ ఎందుకు?

రెండో కేబుల్ ఊరికే కలిపేస్తే ఉన్న నెట్‌వర్క్ కూడా పడిపోతుంది. ఐపీ ప్యాకెట్‌కు ఆయుష్షు ఉంటుంది, ఇన్ని రౌటర్లు దాటాక రద్దయిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి గడువేమీ లేదు. స్విచ్‌ల మధ్య లూప్ పడితే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ చాలు, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. కొత్తవి వచ్చి దానికి తోడవుతుంటాయి. కొద్ది సెకన్లలో లింకులన్నీ నిండిపోతాయి. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఇట్టే గుర్తుపడతారు: స్విచ్ మీద పోర్టుల లైట్లన్నీ ఒకే లయలో ఆగకుండా కొట్టుకుంటాయి, హెచ్‌ఎంఐ (ఆపరేటర్ ప్లాంట్‌ను చూసే స్క్రీన్) తెర మీద అంకెలు ఉండాల్సిన చోట హ్యాష్ గుర్తులు వస్తాయి, ఆపరేటర్ ఫోన్ అందుకుంటాడు.

ప్రోటోకాల్ చేసే పని ఇదే. కేబుళ్లు రెండూ కలిపి ఉన్నా, మామూలప్పుడు ఒక దారిని లాజిక్‌లో మూసి ఉంచుతుంది. మొదటి దారి తెగినప్పుడు రెండోది తెరుస్తుంది. పీఆర్‌పీ, హెచ్‌ఎస్‌ఆర్ అనేవి మాత్రం ఏ దారినీ మూయకుండా రెండింటినీ ఎప్పుడూ వాడతాయి. వాటి సంగతి కింద ఉంది.

ఏ ప్రోటోకాల్ మంచిది?

ప్రోటోకాల్ పేరు పక్కన పెట్టి, నెట్‌వర్క్ నోరు మెదపకపోతే మీ ప్రాసెస్ ఎంతసేపు తట్టుకుంటుందో ముందు చెప్పండి. ఐఈసీ 62439 ప్రమాణం దీన్నే గ్రేస్ టైమ్ అంటుంది. కమ్యూనికేషన్ తెగిన క్షణం నుంచి ప్లాంట్ ట్రిప్ అయ్యే (రక్షణ కోసం తనంతట తానే ఆగిపోయే) క్షణం దాకా ఉండే వ్యవధి అది. నెట్‌వర్క్ కోలుకోవడానికి పట్టే సమయం దీనికంటే తక్కువ ఉండాలి. ఎంపిక అంతా ఈ ఒక్క షరతు మీదే నడుస్తుంది.

వాటర్ ట్యాంకు లెవెల్ చూపించే స్కాడాకు (ప్లాంట్‌ను దూరం నుంచి గమనించే వ్యవస్థ) రెండు మూడు సెకన్లు డేటా రాకపోయినా ఎవరూ గమనించరు. 2 మిల్లీసెకన్ల అప్‌డేట్‌తో నడిచే ప్యాకింగ్ మెషీన్‌కు వరసగా మూడు అప్‌డేట్లు రాకపోతే, అంటే 6 మిల్లీసెకన్లకే, అవుట్‌పుట్లు పడిపోతాయి. సబ్‌స్టేషన్ల విషయంలో ఐఈసీ 61850-5 అంకెలతో సహా చెప్పేసింది: స్కాడా ట్రాఫిక్‌కు నెట్‌వర్క్ 400 మిల్లీసెకన్లలో కోలుకోవాలి, రిలేల మధ్య ఇంటర్‌లాకింగ్‌కు 4 మిల్లీసెకన్లు, బస్‌బార్ రక్షణకూ శాంపుల్డ్ వాల్యూస్‌కూ (ఆగకుండా వచ్చే కరెంట్, వోల్టేజీ కొలతలు) సున్నా. సున్నా అంటే సున్నానే, 'దాదాపు' అన్న మాటకు చోటు లేదు.

ఈ అంకె చేతిలో లేకుండా కొటేషన్లు తెప్పించుకుంటే, సేల్స్ వాళ్ల స్లైడ్‌లో ఏది పెద్దగా ఉంటే అదే మీ ప్లాంట్‌లోకి వస్తుంది.

నెట్‌వర్క్ పోతే మహా అయితే స్క్రీన్లు ఆగుతాయి, ప్లాంట్ ఎందుకు ఆగుతుంది?

2006 ఆగస్టు 19న అమెరికాలోని అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం 3వ యూనిట్‌లో రెండు రీసర్క్యులేషన్ పంపులూ ఆగిపోయాయి. ఆపరేటర్లు స్వయంగా రియాక్టర్‌ను స్క్రామ్ చేయాల్సి (అత్యవసరంగా ఆపేయాల్సి) వచ్చింది. పంపుల్లో లోపం లేదు. వాటిని నడిపే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌ల కంట్రోలర్లు ప్లాంట్ నెట్‌వర్క్‌లో పోటెత్తిన ట్రాఫిక్‌ను తట్టుకోలేక స్పందించడం మానేశాయి. అమెరికా అణు నియంత్రణ కమిషన్ 2007లో దీని మీద సమాచార నోటీసు జారీ చేసింది.

పంపులు రెండు, డ్రైవ్‌లు రెండు, వాటిని కలిపిన నెట్‌వర్క్ ఒక్కటి. అందుకే రిడండెన్సీతో పాటు స్విచ్ పోర్టుల మీద బ్రాడ్‌కాస్ట్ పరిమితి పెట్టడం, డ్రైవ్‌ల ట్రాఫిక్‌ను వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్‌లలో విడిగా గీసిన నెట్‌వర్క్ భాగం) ఉంచడం కూడా నేను పట్టుబట్టి చేయిస్తాను. తెగిన కేబుల్ నుంచి రింగ్ (స్విచ్‌లను వలయంగా కలపడం) కాపాడుతుంది. పోటెత్తిన ట్రాఫిక్ నుంచి కాపాడదు, పైగా దాన్ని అన్ని మూలలకూ చేరవేస్తుంది.

ఆర్‌ఎస్‌టీపీ అన్ని స్విచ్‌లలోనూ ఉచితంగా వస్తుంది కదా, అది చాలదా?

చాలాచోట్ల చాలు. ఆర్‌ఎస్‌టీపీ అంటే ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్, లూప్ పడే దారిని స్విచ్‌లే మూసుకునే పద్ధతి. దీని మూలమైన స్పానింగ్ ట్రీ ఆల్గరిథమ్‌ను 1985లో రాడియా పెర్ల్‌మన్ డీఈసీ కంపెనీలో ఉండగా రూపొందించారు. 1990లో అది ఐఈఈఈ 802.1డీ ప్రమాణమైంది. ఆ పాత ఎస్‌టీపీ డిఫాల్ట్ టైమర్లతో కోలుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు తీసుకునేది. ఆఫీసులో అది టీ తాగి వచ్చే సమయం, ప్లాంట్‌లో ట్రిప్. 2001లో 802.1డబ్ల్యూగా వచ్చిన ఆర్‌ఎస్‌టీపీలో పొరుగు స్విచ్‌లు టైమర్ల కోసం కాచుకోకుండా తమలో తాము మాట్లాడుకుని దారి తెరుస్తాయి. జాగ్రత్తగా కాన్ఫిగర్ చేసిన చిన్న నెట్‌వర్క్ సెకనులోపే కోలుకుంటుంది.

దీనితో వచ్చే చిక్కు, ఆ సమయం ఇంత అని ముందే హామీ ఇవ్వలేకపోవడం. ఎన్ని స్విచ్‌లున్నాయి, ఎక్కడ తెగింది, పోయింది మామూలు స్విచ్చా రూట్ స్విచ్చా (దారుల లెక్కకు కేంద్రంగా ఉండే స్విచ్) అన్నదాన్ని బట్టి అది మారుతుంది. పైగా రూట్ సమాచారం ఎన్ని స్విచ్‌ల దాకా వెళ్లగలదో చెప్పే మ్యాక్స్ ఏజ్ డిఫాల్ట్‌గా 20. రింగ్ పెద్దదైతే రూట్ సమాచారం చివరిదాకా చేరదు. ఈ విలువను 40 దాకా పెంచుకోవచ్చు, ఆపైన కుదరదు.

రూట్ బ్రిడ్జ్‌ను మేమే ఎంచుకోవాలా? దానంతట అదే అవుతుంది కదా?

అవుతుంది, అదే ప్రమాదం. అన్ని స్విచ్‌లలోనూ ప్రయారిటీ డిఫాల్ట్‌గా 32768 ఉంటుంది. అన్నీ సమానమైనప్పుడు మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చే సంఖ్య) ఎవరిది తక్కువైతే వాళ్లే రూట్. ఒకే కంపెనీ స్విచ్‌లలో చిన్న అంకె సాధారణంగా పాత స్విచ్‌కే ఉంటుంది. ఆ లెక్కన ఎక్కడో పంప్‌హౌస్ ప్యానెల్‌లో దుమ్ముకొట్టుకుపోయిన ముసలి స్విచ్ మొత్తం ప్లాంట్‌కు రూట్ అయి కూర్చుంటుంది. కంట్రోల్ రూమ్‌లోని కోర్ స్విచ్‌కు 4096, దాని జంటకు 8192 ఇవ్వండి. పీఎల్‌సీలు (మెషీన్లను నడిపే కంట్రోలర్లు), హెచ్‌ఎంఐలు ఉన్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (అవతల స్విచ్ ఉండని పోర్టులు) పెట్టి, వాటి మీద బీపీడీయూ గార్డ్ (అక్కడ ఇంకో స్విచ్ కనిపిస్తే పోర్టును మూసే సెట్టింగ్) ఆన్ చేయండి. పది నిమిషాల పని.

ఎంఆర్‌పీ రింగ్ ఎలా పనిచేస్తుంది?

మీడియా రిడండెన్సీ ప్రోటోకాల్, ఐఈసీ 62439-2. హిర్ష్‌మన్ వాళ్ల హైపర్-రింగ్ నుంచి పుట్టింది. ప్రొఫీనెట్ (పరికరాలు కంట్రోలర్‌తో మాట్లాడే ఒక పారిశ్రామిక ఈథర్‌నెట్ పద్ధతి) ఉన్న ప్లాంట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

రింగ్‌లో ఒక స్విచ్ మేనేజర్, మిగతావన్నీ క్లయింట్లు. మేనేజర్ తన రెండు రింగ్ పోర్టుల్లో ఒకదాన్ని మామూలు డేటాకు మూసి ఉంచుతుంది. రెండు పోర్టుల నుంచీ టెస్ట్ ఫ్రేమ్‌లు పంపుతూ, అవి రింగ్ చుట్టి రెండో వైపు నుంచి తిరిగి వస్తున్నాయా అని చూసుకుంటుంది. 200 మిల్లీసెకన్ల ప్రొఫైల్‌లో 20 మిల్లీసెకన్లకు ఒక టెస్ట్ ఫ్రేమ్ వెళ్తుంది. వరసగా మూడు రాకపోతే రింగ్ తెగినట్టు లెక్క. వెంటనే మూసిన పోర్టు తెరిచి, మ్యాక్ టేబుళ్లు (ఏ పరికరం ఏ పోర్టు వైపు ఉందో రాసుకున్న పట్టికలు) చెరిపేసుకోండని మిగతా స్విచ్‌లకు చెబుతుంది. పాత టేబుల్ అలాగే ఉంటే ఫ్రేమ్‌లు తెగిన దారిలోకే వెళ్తాయి కాబట్టి, పోర్టు తెరవడం ఎంత ముఖ్యమో టేబుల్ చెరపడమూ అంతే ముఖ్యం.

50 స్విచ్‌ల దాకా ఉన్న రింగ్‌కు 200 మిల్లీసెకన్లు అనేది అత్యంత అధ్వాన్న పరిస్థితిలో మాట. 500, 30, 10 మిల్లీసెకన్ల ప్రొఫైళ్లు కూడా ప్రమాణంలో ఉన్నాయి. 30, 10 కావాలంటే రింగ్‌లోని ప్రతి పరికరమూ దానికి తగ్గది కావాలి.

రింగ్ బాగానే పనిచేసింది, కానీ కేబుల్ తీయగానే మెషీన్ ట్రిప్ అయింది. ఎందుకు?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే. రింగ్ 200 మిల్లీసెకన్లలో కోలుకుంది, నిజమే. ప్రొఫీనెట్ పరికరం అంతసేపు ఆగలేదు. అప్‌డేట్ టైమ్ 2 మిల్లీసెకన్లు, డేటా లేకుండా అనుమతించే సైకిళ్లు డిఫాల్ట్‌గా 3. వాచ్‌డాగ్ (డేటా రాకపోతే సంబంధం తెంచే టైమర్) 6 మిల్లీసెకన్లకే కొట్టేసింది. రింగ్ తెరుచుకునేసరికి పరికరం సంబంధం తెంచుకుని కూర్చుంది.

వాచ్‌డాగ్‌ను 200 దాటించాలి. 64 మిల్లీసెకన్ల అప్‌డేట్‌కు 4 సైకిళ్లు ఇస్తే 256 అవుతుంది. 8 మిల్లీసెకన్లకు 32 ఇచ్చినా అంతే. ఏది ఎంచుకోవాలన్నది మీ ప్రాసెస్‌ను బట్టి. టెంపరేచర్, లెవెల్ లాంటి వాటికి 64 బ్రహ్మాండంగా సరిపోతుంది. అన్నిటికీ 2 మిల్లీసెకన్లు పెట్టడం ఒక అలవాటే తప్ప అవసరం కాదు.

ప్రొఫీసేఫ్ (ప్రొఫీనెట్ మీద నడిచే సేఫ్టీ కమ్యూనికేషన్) ఉంటే ఇంకో మెట్టు ఉంది. సేఫ్టీ మానిటరింగ్ టైమ్‌ను కూడా పెంచకపోతే రింగ్ తెగినప్పుడల్లా ఎమర్జెన్సీ స్టాప్ కొట్టినట్టు ఆగిపోతుంది. పెంచితే సేఫ్టీ స్పందన ఆలస్యమవుతుంది. ఐఎస్ఓ 13855 లెక్కలో చేయి వేగం సెకనుకు 1600 మిల్లీమీటర్లు అనుకుంటే, మీరు పెంచిన ప్రతి 100 మిల్లీసెకన్లకు లైట్ కర్టెన్ (చేయి అడ్డొస్తే మెషీన్‌ను ఆపే కాంతి తెర) మెషీన్ నుంచి ఇంకో 160 మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి. అంత వేగం కావలసిన దగ్గర సేఫ్టీ మానిటరింగ్ టైమ్‌ను పెంచకుండా 10, 30 మిల్లీసెకన్ల ప్రొఫైల్‌కు వెళ్లండి, లేదా ఆ మెషీన్ లోపలి నెట్‌వర్క్‌ను రింగ్ బయట పెట్టండి. సెట్టింగ్ మార్చి, కర్టెన్ జరపకుండా వదిలేయడం మాత్రం చేయకండి.

ఎంఆర్‌పీలో రెండు మేనేజర్లు పెడితే ఇంకా సేఫ్ కదా?

చేత్తో ఇద్దర్ని మేనేజర్లుగా పెడితే ఇద్దరూ తమ తమ పోర్టు మూస్తారు, రింగ్ రెండు ముక్కలవుతుంది. ఆటోమేటిక్ మేనేజర్ పాత్రను సమర్థించే స్విచ్‌లైతే అవే తమలో ఒకరిని ఎన్నుకుంటాయి, అది వేరు. అసలు మేనేజరే లేకపోతే లూప్.

ఇందులోంచి వచ్చే నియమం ఒక్కటే: రింగ్‌లోని ఆఖరి కేబుల్‌ను అన్ని స్విచ్‌ల కాన్ఫిగరేషన్ అయ్యాకే గుచ్చాలి. కమిషనింగ్‌లో ఆ ఆఖరి ప్యాచ్ కార్డ్‌కు ఎర్ర టేపు చుట్టి 'ఇంజనీర్ లేకుండా పెట్టవద్దు' అని రాయిస్తాను. రింగ్ పోర్టుల మీద ఆర్‌ఎస్‌టీపీ ఆఫ్‌లో ఉండాలి. రెండు ప్రోటోకాల్స్ ఒకే పోర్టు మీద పెత్తనం చేస్తే ఎవరు ఎప్పుడు మూస్తారో ఎవరూ చెప్పలేరు.

మాది ఈథర్‌నెట్/ఐపీ. మాకు ఎంఆర్‌పీ పనికొస్తుందా?

మీ వైపు డివైస్ లెవెల్ రింగ్ ఉంది, డీఎల్‌ఆర్. ఈథర్‌నెట్/ఐపీ ప్రమాణాన్ని చూసుకునే ఓడీవీఏ సంస్థది. సూత్రం అదే, వేగం వేరు. రింగ్ సూపర్‌వైజర్ డిఫాల్ట్‌గా 400 మైక్రోసెకన్లకు ఒక బీకన్ పంపుతుంది, 1960 మైక్రోసెకన్ల పాటు రాకపోతే రింగ్ తెగినట్టు. 50 పరికరాల రింగ్ 3 మిల్లీసెకన్లలోపు కోలుకుంటుంది. డ్రైవ్‌లు, ఐఓ మాడ్యూల్స్‌లోనే రెండు పోర్టులు ఉంటాయి కాబట్టి మధ్యలో స్విచ్ అక్కర్లేదు. డీఎల్‌ఆర్ తెలియని మామూలు స్విచ్‌ను ఆ రింగ్ మధ్యలో ఇరికించకండి. అది పాత మ్యాక్ టేబుల్‌నే పట్టుకుని కూర్చుంటే ఈ 3 మిల్లీసెకన్ల లెక్క మీకు వర్తించదు.

పీఆర్‌పీలో సున్నా ఎలా సాధ్యం?

పెళ్లి శుభలేఖను పోస్టులో ఒకటి, కొరియర్‌లో ఒకటి పంపామనుకోండి. ఏది ముందు చేరితే దాన్ని చదువుతారు, రెండోది వస్తే పక్కన పడేస్తారు. ఒకటి దారిలో పోయినా కబురు ఆగదు, ఆలస్యమూ కాదు. ప్యారలల్ రిడండెన్సీ ప్రోటోకాల్ ప్రతి ఫ్రేమ్‌తోనూ ఇదే చేస్తుంది. ఐఈసీ 62439-3లో ఉంది.

పరికరానికి రెండు పోర్టులు ఉంటాయి, మ్యాక్ అడ్రస్, ఐపీ అడ్రస్ మాత్రం ఒక్కొక్కటే. ఏ, బీ అని రెండు పూర్తిగా వేరైన ల్యాన్‌లు. పంపేటప్పుడు ఫ్రేమ్ చివర 6 బైట్ల తోక తగిలిస్తుంది: 16 బిట్ల వరస సంఖ్య, ఏ ల్యాన్‌లో వెళ్తోందన్న గుర్తు, ఫ్రేమ్ సైజు, ఇది పీఆర్‌పీ అని చెప్పే 88ఎఫ్‌బీ అన్న ముద్ర. తోక చివర ఉండటంలోనే తెలివి ఉంది. పీఆర్‌పీ తెలియని పరికరం దాన్ని ఖాళీ నింపడానికి వేసిన బైట్లుగా అనుకుని పట్టించుకోదు. అందుకే పాత ల్యాప్‌టాప్, ప్రింటర్ కూడా ఏదో ఒక ల్యాన్‌లో పెట్టుకోవచ్చు. 'ఏ' ల్యాన్‌లోని ఒంటి పోర్టు పరికరం 'బీ' ల్యాన్‌లోని ఒంటి పోర్టు పరికరంతో మాట్లాడలేదు, అది గుర్తుంచుకోండి. ఆ రెండూ మాట్లాడుకోవాలంటే రెడ్‌బాక్స్ (మామూలు పరికరాన్ని రెండు దారులకూ కలిపే పెట్టె) వెనక పెట్టాలి.

ఖర్చు రెండింతలని అందరూ అంటారు. నిజమే, స్విచ్‌లు రెండు సెట్లు. అయితే ల్యాన్ లోపల మామూలు స్విచ్‌లే చాలు, ఒక ల్యాన్‌ను పూర్తిగా ఆపి ఫర్మ్‌వేర్ మార్చుకోవచ్చు, ప్లాంట్‌కు తెలియదు. షట్‌డౌన్ దొరకని చోట ఈ ఒక్క సౌకర్యమే ఖర్చుకు తగిన సమాధానం.

పీఆర్‌పీ పెట్టాం. పింగ్ బాగానే వెళ్తోంది, రిలేలోకి ఫైల్ డౌన్‌లోడ్ మాత్రం సగంలో ఆగిపోతోంది.

ఆ తోకను అనుమానించండి. వీల్యాన్ ట్యాగ్‌తో పెద్ద ఫ్రేమ్ 1522 బైట్లు. తోకతో 1528. కొన్ని స్విచ్‌లు 1522 దాటితే మారుమాట లేకుండా పడేస్తాయి. చిన్న పింగ్ 64 బైట్లది కాబట్టి వెళ్లిపోతుంది. 1472 బైట్ల డేటాతో పింగ్ పెట్టి చూడండి, అది వెళ్లకపోతే దొరికినట్టే. స్విచ్‌లో గరిష్ఠ ఫ్రేమ్ సైజు పెంచండి.

రెండో అనుమానం, ఎవరో ఏ, బీ కేబుళ్లు తారుమారుగా పెట్టడం. పరికరంలో 'రాంగ్ ల్యాన్' కౌంటర్ ఉంటుంది. అది పెరుగుతోందంటే ఎక్కడో 'ఏ' కేబుల్ 'బీ'లో ఉంది. 'ఏ' ల్యాన్‌కు ఒక రంగు, 'బీ' ల్యాన్‌కు ఒక రంగు ప్యాచ్ కార్డులు కొనిపించండి. ఇంతకంటే చౌకైన రక్షణ లేదు.

హెచ్‌ఎస్‌ఆర్ అంటే సిస్కో వాళ్ల హెచ్‌ఎస్‌ఆర్‌పీయేనా?

కాదు. హెచ్‌ఎస్‌ఆర్‌పీ రౌటర్ల మధ్య గేట్‌వే పంచుకునేది, వీఆర్‌ఆర్‌పీకి బంధువు, సెకన్లలో పనిచేస్తుంది. టెండర్ డాక్యుమెంట్లలోనే ఈ రెండూ కలిపేసి రాసినవి చూశాను.

హెచ్‌ఎస్‌ఆర్ (హై-అవైలబిలిటీ సీమ్‌లెస్ రిడండెన్సీ) పీఆర్‌పీకి తోబుట్టువు, అదే ఐఈసీ 62439-3లో ఉంది. రెండు ల్యాన్‌ల బదులు ఒకే రింగ్‌లో ఫ్రేమ్‌ను రెండు వైపులా పంపుతుంది. ఇక్కడ గుర్తు ఫ్రేమ్ ముందు ఉంటుంది కాబట్టి మామూలు పరికరాన్ని నేరుగా రింగ్‌లో పెట్టలేరు, రెడ్‌బాక్స్ తప్పనిసరి. స్విచ్‌లు అక్కర్లేదు, అది లాభం. ప్రతి మల్టీక్యాస్ట్ ఫ్రేమూ ప్రతి పరికరం గుండా వెళ్తుంది, అది నష్టం. 50 హెర్ట్జ్‌లో సైకిల్‌కు 80 శాంపుళ్లు పంపే ఒక మర్జింగ్ యూనిట్ (కరెంట్, వోల్టేజీ కొలతలను ఫ్రేమ్‌లుగా పంపే పరికరం) సెకనుకు 4000 ఫ్రేమ్‌లు వదులుతుంది, సుమారు 5 ఎంబీపీఎస్. 100 ఎంబీపీఎస్ రింగ్‌లో అలాంటివి ఎన్ని పడతాయో మీరే లెక్కేసుకోండి. చిన్న బే స్థాయికి హెచ్‌ఎస్‌ఆర్, స్టేషన్ స్థాయికి పీఆర్‌పీ, మధ్యలో రెడ్‌బాక్స్‌లు. నేనైతే ఇలాగే గీస్తాను.

కంపెనీల సొంత రింగ్‌లు 20 మిల్లీసెకన్లు అంటున్నాయి. అవి వాడొచ్చా?

మోక్సా టర్బో రింగ్, వెస్టర్‌మో ఎఫ్‌ఆర్‌ఎన్‌టీ, సిస్కో ఆర్‌ఈపీ, ఇలా చాలా ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. పదేళ్ల తర్వాత ఆ మోడల్ ఆగిపోయి, స్టోర్స్‌లో వేరే కంపెనీ స్విచ్ మాత్రమే ఉన్న రోజున కష్టం తెలుస్తుంది. ఒకే కంపెనీతో పదిహేనేళ్లు కాపురం చేస్తామన్న నమ్మకం ఉంటే వాడండి.

రింగ్ ఉంది కాబట్టి ఏ ప్యానెల్ అయినా ఆపుకోవచ్చు కదా?

ఒకటి ఆపుకోవచ్చు. రెండు ఆపితే వాటి మధ్యలో ఉన్నవన్నీ పోతాయి. రింగ్ ఏదైనా సరే, ఎంఆర్‌పీ, డీఎల్‌ఆర్, హెచ్‌ఎస్‌ఆర్, ఒక్క తెగుడునే తట్టుకుంటుంది.

షట్‌డౌన్ పనుల్లో ఇది బాగా బయటపడుతుంది. ఎలక్ట్రికల్ వాళ్లు ఎంసీసీ-2 ప్యానెల్‌ను (మోటార్ల కంట్రోల్ ప్యానెల్) ఐసొలేట్ చేస్తారు. అదే సమయంలో ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు ఎంసీసీ-6లో 24 వోల్టుల సప్లై మారుస్తుంటారు. ఎవరి పని వాళ్లు పర్మిట్‌తోనే, పద్ధతిగానే చేస్తున్నారు. 3, 4, 5 ప్యానెళ్లు మాత్రం ఒక్కసారిగా మాయమవుతాయి. నడుస్తున్న కూలింగ్ వాటర్ పంపు అందులోనే ఉంటే చెప్పనక్కర్లేదు. వర్క్ పర్మిట్ ఫారంలో ఒక్క గడి చేర్చండి: 'ఈ ప్యానెల్‌లో రింగ్ స్విచ్ ఉందా? ఉంటే రింగ్‌లో ఇప్పుడు వేరే తెగుడు ఉందా?' తరచూ ఆపే ప్యానెళ్ల స్విచ్‌లకు బయటి యూపీఎస్ నుంచి రెండో సప్లై ఇవ్వండి. పారిశ్రామిక స్విచ్‌లలో చాలావాటికి రెండు పవర్ ఇన్‌పుట్లు ఉంటాయి, కానీ రెండిటికీ ఒకే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి లాగేస్తారు.

రెండు దారులుంటే 99.9999 శాతం అందుబాటు అని లెక్క చూపించారు. నమ్మొచ్చా?

గుణకారం సరైనదే. 99.9 శాతం అందుబాటు అంటే ఏడాదికి 8 గంటల 46 నిమిషాలు ఆగడం. అలాంటివి రెండు సమాంతరంగా పెడితే కాగితం మీద ఏడాదికి 32 సెకన్లలోపే. షరతేమిటంటే ఒకటి చెడటానికీ రెండోది చెడటానికీ సంబంధం ఉండకూడదు.

ఒక సిమెంట్ ప్లాంట్‌లో రింగ్ వెళ్లే ఫైబర్, తిరిగి వచ్చే ఫైబర్, రెండూ ప్రీహీటర్ పక్కనుంచి పోయే ఒకే ట్రేలో ఉండేవి. డ్రాయింగ్‌లో అందమైన వృత్తం, ట్రేలో పక్కపక్కన రెండు నల్ల కేబుళ్లు. జేసీబీ పంజాకైనా, ఎలుక పళ్లకైనా, వెల్డింగ్ నిప్పురవ్వకైనా అది ఒకే కేబుల్. ఇంకా ముదిరిన రకం, ఒకే మల్టీకోర్ ఫైబర్‌లోని రెండు కోర్లతో రింగ్ మూసేయడం. కాంట్రాక్టర్‌ను 'రింగ్ ఉందా' అని అడక్కండి. డ్రాయింగ్ చేత పట్టుకుని ట్రే వెంట నడవండి.

రింగ్ తెగితే మాకు ఎలా తెలుస్తుంది?

తెలియదు, మీరు ఏర్పాటు చేసుకుంటే తప్ప. రింగ్ తన పని తాను చేసి ఊరుకుంటుంది. మొదటి తెగుడు ఏ మార్చిలోనో జరిగి, రెండోది ఆగస్టులో జరిగినప్పుడు ప్లాంట్ ఆగుతుంది. అప్పుడు అందరూ ఆగస్టు కేబుల్‌ను తిడతారు. పీఆర్‌పీలో ఒక్క ఫ్రేమ్ కూడా పోదు కాబట్టి ఇది ఇంకా గుట్టుగా జరుగుతుంది.

మేనేజర్ స్విచ్‌లో ఫాల్ట్ రిలే కాంటాక్ట్ ఉంటుంది. దాన్ని పీఎల్‌సీ డిజిటల్ ఇన్‌పుట్‌కు తెచ్చి, ఆపరేటర్ అలారం లిస్టులో పెట్టండి. ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ మీదుగా స్విచ్‌లను గమనించే పద్ధతి) కూడా మంచిదే, కానీ ఆ సర్వర్ ఐటీ రూమ్‌లో ఉంటే రాత్రి రెండు గంటలకు దాన్ని చూసేవాళ్లు ఉండరు. పీఆర్‌పీ, హెచ్‌ఎస్‌ఆర్‌లలో ప్రతి పరికరం 2 సెకన్లకోసారి సూపర్‌విజన్ ఫ్రేమ్ పంపుతుంది. ఏ వైపు నుంచి రావడం ఆగిందో చూస్తే తెగిన చోటు కూడా దాదాపు తెలుస్తుంది.

టెస్ట్ ఎలా చేయాలి? పింగ్ పెట్టి కేబుల్ తీస్తే ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు.

మామూలు పింగ్ సెకనుకు ఒకటే వెళ్తుంది. 200 మిల్లీసెకన్ల ఖాళీ రెండు పింగ్‌ల మధ్యలో పడితే అసలు కనిపించదు. ఆ టెస్ట్ పాస్ కావడానికి రింగ్ అక్కర్లేదు, అదృష్టం చాలు.

పీఎల్‌సీలో ప్రతి సైకిల్‌కూ పెరిగే కౌంటర్ ఒకటి రాసి అవతలి పీఎల్‌సీకి పంపండి. అక్కడ రెండు మార్పుల మధ్య గరిష్ఠ విరామాన్ని పట్టి ఉంచండి. ఆ తర్వాత కేబుల్ తీయడం, పెట్టడం, స్విచ్ పవర్ ఆపడం, పవర్ ఇవ్వడం, మేనేజర్‌నే ఆపడం, అన్నీ విడివిడిగా చేయండి. కేబుల్ తీసినప్పుడు బాగుండి తిరిగి పెట్టినప్పుడు ట్రిప్ అయ్యే ప్లాంట్లు చాలా ఉన్నాయి. ఫైబర్‌లో రెండు కోర్లలో ఒక్కటే తీసి చూడండి. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉంటే, ఒక వైపు తెగినా రెండో వైపు లింక్ లైట్ పచ్చగా వెలుగుతూనే ఉండటం అప్పుడే బయటపడుతుంది.

అప్‌లింకులన్నీ గిగాబిట్‌కు మార్చాం, రికవరీ ఇంకా నెమ్మదించింది. అలా అవుతుందా?

రాగి కేబుల్ మీద గిగాబిట్ అయితే అవుతుంది. 1000బేస్-టీలో లింక్ పోయిందని నిర్ధారించుకోవడానికే 750 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. లింక్ పడిపోవడం చూసి కదిలే ఆర్‌ఎస్‌టీపీకి ఇది పెద్ద దెబ్బ. వెన్నెముక లింకులకు ఫైబర్ వాడండి, లేదా రాగి మీద 100 ఎంబీపీఎస్‌లోనే ఉంచండి.

టీఎస్‌ఎన్ వస్తే ఇవన్నీ పోతాయా?

టీఎస్‌ఎన్ అంటే టైమ్ సెన్సిటివ్ నెట్‌వర్కింగ్, సమయం తప్పకుండా ఫ్రేమ్‌లు చేర్చే ఈథర్‌నెట్ ప్రమాణాల సమూహం. అందులోని ఐఈఈఈ 802.1సీబీ 2017లో వచ్చింది. ఫ్రేమ్‌ను రెండు దారుల్లో పంపి ఒకదాన్ని తీసేయడం అందులోనూ ఉంది, కావలసిన స్ట్రీమ్‌కు మాత్రమే చేసుకోవచ్చన్నది తేడా. ఈ ఏడాది షట్‌డౌన్‌లో పని పూర్తి కావాలంటే దాని కోసం ఆగకండి.

రాత్రి షిఫ్ట్‌లో రింగ్ స్విచ్ చచ్చిపోయింది. స్పేర్ ఉంది. పెట్టేయమంటారా?

ఆ స్విచ్‌కు తగిలి ఉన్న పరికరాలు తప్ప మిగతా ప్లాంట్ నడుస్తోందా? అయితే తొందర వద్దు. స్టోర్స్ నుంచి తెచ్చిన స్విచ్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లతో ఉంటుంది. దాన్ని అలాగే రింగ్‌లో గుచ్చితే ఏ పాత్రలో లేస్తుందో చెప్పలేం.

ముందు టేబుల్ మీద పెట్టి పవర్ ఇవ్వండి. పాత స్విచ్‌లో కాన్ఫిగరేషన్ కార్డ్ ఉంటే దాన్ని ఇందులో వేయండి, లేకపోతే బ్యాకప్ ఫైల్ ఎక్కించండి. ఫర్మ్‌వేర్ వెర్షన్ పాతదానితో సరిపోతోందో చూడండి. రింగ్ పోర్టుల నంబర్లు, క్లయింట్ పాత్ర, ఆర్‌ఎస్‌టీపీ ఆఫ్, ఈ మూడూ స్క్రీన్ మీద కళ్లతో చూసుకోండి. తర్వాత ప్యానెల్‌లో బిగించి ఒక్క రింగ్ కేబులే పెట్టి, ఆ ప్యానెల్ పరికరాలు ఆన్‌లైన్‌కు వచ్చాయో లేదో కంట్రోల్ రూమ్‌ను అడగండి. వచ్చాయంటే అప్పటికే ప్లాంట్ పూర్తిగా నడుస్తోంది. రెండో రింగ్ కేబుల్ తెల్లారాక, ఇంజనీర్ ఎదురుగా ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు. అప్పటిదాకా రింగ్ ఓపెన్‌గా ఉందని లాగ్‌బుక్‌లో రాసి, ఇంకే ప్యానెల్‌కూ పర్మిట్ ఇవ్వవద్దని షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పండి.